తొమ్మిదో అరుగు

మా ఊరు ఇక్వేనిలో సముద్రపు గట్టు మీద మొత్తం తొమ్మిది రాతి అరుగులుండేవి. ఎనిమిదింటి మీద కూర్చోవాలంటే హోదా కావాలి. తొమ్మిదో దాని మీద కూర్చోవాలంటే గుండె కావాలి.

ఆ తొమ్మిదోది గట్టు చివర, పాత పడవల రేవు దగ్గర. కొమొరో దీవుల్లో ఇంత చక్కటి గట్టు ఇంకో ఊరికి లేదని మావాళ్లు గొప్పలు పోతారు. నిజమే, ఎండ తగ్గగానే ఊరు ఊరంతా షికారుకి అక్కడే తేలుతుంది. కానీ ఎనిమిదో అరుగు దాటి ఎవరూ పోరు. కాల్చిన సీమపనస ముక్కలు నములుతూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతూ వచ్చే ఆడపిల్లలు కూడా అక్కడికి రాగానే నోరు మూసుకుని వెనక్కి తిరుగుతారు.

ఎందుకంటే, పొద్దుగూకాక దాని మీద కూర్చుంటే... వెనకనుంచి ఎవరో "లే" అంటారు.

అంతే. ఆ ఒక్క మాటే.

చేపలు పట్టే మసూందికి వినపడింది, మూడు రోజులు జ్వరం. మొరోని పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన పోలీసొకాయన దెయ్యమూ లేదు గియ్యమూ లేదని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బూట్లలో ఒకటి అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ బూటు ఎవరూ తెచ్చివ్వలేదు.

ఆ గొంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు. షాన్ఫీ పెద్దాయనది. గట్టు కట్టించింది ఆయనే, ఆ అరుగూ ఆయనదే, జపమాల తిప్పుకుంటూ దాని మీదే ప్రాణం వదిలాడు. బతికుండగా ఒక్కణ్ణీ పక్కన కూర్చోనివ్వనివాడు చచ్చాక కూర్చోనిస్తాడా?

మా దగ్గర మనిషి వయసు పుట్టిన రోజు నుంచి లెక్క కాదు, పెద్ద పెళ్లి చేసుకున్న రోజు నుంచి లెక్క. చిన్న పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, జుట్టు నెరిసినా సరే, ఎడ్లు కోయించి ఊరందరికీ రోజుల తరబడి విందులు పెట్టి ఆ పెద్ద పెళ్లి చేసుకునే దాకా వాడు ఊరి పిల్లాడే. పిల్లాడు అరుగెక్కకూడదు. రచ్చబండ దగ్గర నోరెత్తకూడదు. చాపలు మోయాలి, మాంసం కొయ్యాలి, "ఒరే" అంటే "ఆఁ" అనాలి.

ఇబురోయి మాస్టారికి యాభై నాలుగేళ్లు. ఊరి పిల్లాడు.

ఊళ్లో సగం మందికి లెక్కలు నేర్పింది ఆయనే. తన సంపాదనంతా నలుగురు మేనల్లుళ్ల చదువులకి పోసి, వాళ్లు పైకొచ్చాక మావయ్య పెద్ద పెళ్లి చేయిస్తారులే అనుకున్నాడు. నలుగురూ ఓడలెక్కి పోయారు. పండక్కి ఫోను చేస్తారు.

ఈ సంగతంతా ఆయన భార్య మొయినేషా నాకు చెప్పింది. మా పక్కిల్లే. నాకొక్కదానికే చెప్పిందనుకున్నాను గానీ వీధి వీధంతా చెప్పిందట. మా ఊరి ఆడవాళ్లందరికీ తెలుసు. రచ్చబండకి మాత్రం ఇవాళ్టికీ తెలీదు.

ఆ రోజు పొద్దున, ఆటు వేళ, మాస్టారు పీతల కోసం గట్టు కిందికి దిగాడు. చివరి అరుగు కింద, నీటి మట్టానికి కాస్త పైన, గోడలో పగులు కనిపించింది. చేతిలో ఉన్న గెడ అందులో పెట్టి నెట్టాడు. పోయింది. ఇంకా నెట్టాడు... ఇంకా పోయింది. రెండు బారల గెడ పిడికిట్లో పిడి తప్ప మొత్తం లోపలికి పోయింది.

లోపల డొల్ల.

మర్నాడు రాత్రి నాసుఫు అనే ఆసామి తమ్ముడి పెద్ద పెళ్లి నాట్యం సరిగ్గా ఆ చోటే! రచ్చబండ ఇరుకని, గట్టు చివరైతే గాలీ వెన్నెలా బాగుంటాయని, ఇంతమంది జనంలో దెయ్యం ఏం చేస్తుందని పెద్దమనుషులే తేల్చారు. మూడొందల మంది మగవాళ్లు ఒకే తాళానికి కాళ్లు నేలకేసి కొడతారు. గోడ వెంబడి ఆడవాళ్లు ఒకే రంగు బట్టల్లో బారుగా నిలబడి పాడతారు. ఆ బారులో మొయినేషా కూడా ఉంటుంది. పైగా పున్నమి పోటు.

మాస్టారు పరుగున అబూదు పెద్దాయన దగ్గరికి పోయాడు. రచ్చబండకి ఆయనే తల. "అయ్యా, గట్టు..." అనబోతే, "చాపలు లెక్క చూశావుట్రా?" అన్నాడాయన. మళ్లీ "గట్టు" అంటే, "పిల్లలకి గట్టు సంగతెందుకు, పో" అన్నాడు.

మసీదు మెట్ల మీద ఇంకో పెద్దమనిషిని పట్టుకున్నాడు. ఆయన చెవి గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. "రేపు నువ్వు పోవద్దు."

"పోకపోతే ఊరు నన్ను వెలేస్తుంది. బట్ట కూడా కుట్టించుకున్నాను."

"కింద డొల్ల అంటున్నానే! గెడ మొత్తం పోయింది!" అని గోల పెట్టాడు.

"నా ఇంట్లో కేకలెయ్యకు," అంది మొయినేషా. మా దగ్గర ఇళ్లు ఆడవాళ్లవి. "అంత గొంతుంటే వెళ్లి రచ్చబండలో వెయ్యి."

అనేసి నాలుక్కరుచుకుంది. అప్పటికే ఆయన గడప దాటిపోయాడు.

రాత్రి నమాజయ్యాక గట్టెక్కాడు. ఎనిమిదో అరుగు మీద నాసుఫు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఒక్కేళ్లు. ఈయన దగ్గరే ఏడో క్లాసు రెండుసార్లు తప్పాడు. ఓడెక్కి మార్సెయ్ పోయి, డబ్బుతో వచ్చి, రెండేళ్ల కిందట పెద్ద పెళ్లి చేసుకుని, ఇప్పుడు భుజాన జరీ కండువాతో పెద్దమనిషి.

"ఏం మాస్టారూ, షికారా?" అన్నాడు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

"నాసుఫూ, నీకు దణ్ణం పెడతాను. రేపు నాట్యం ఆ చివర పెట్టొద్దు. కింద ఏమీ లేదు."

"రచ్చబండలో తేల్చేశారు కదండీ."

"తేల్చేటప్పుడు నన్ను మాట్లాడనిచ్చారా?"

"మాట్లాడొచ్చుగా..." పక్కవాళ్లకి కన్ను గీటాడు. "పెద్ద పెళ్లి చేసుకుని."

అరుగు మీద నలుగురూ ఊగి ఊగి నవ్వారు.

"మూడొందల మందిరా! ఆ బరువెంతో ఎప్పుడైనా లెక్కేశావా?"

"లెక్కలు బళ్లో చెప్పుకోండి మాస్టారూ. అన్నట్టు, చాపలు మోయడానికి మనుషులు చాలట్లేదట. రేపు సాయంత్రం నమాజు కాగానే వచ్చెయ్యండి. ఆలస్యం చెయ్యకండేం."

ఒళ్లు మండిపోయింది ఆయనకి. ముప్పై ఏళ్లుగా ఇలాంటివి మింగుతూనే వచ్చాడు. వెనక్కి తిరగాల్సిన చోట తిరగలేదు. ముందుకి నడిచాడు.

"మాస్టారూ! అటెక్కడికి?" నాసుఫు గొంతు మారింది.

ఆయన వినిపించుకోలేదు.

అప్పుడే కరెంటు పోయింది. మా ఊళ్లో అదొక వింత కాదులెండి. గట్టు మీది దీపాలన్నీ టప్పున ఆరిపోయాయి. మబ్బు చాటున చంద్రుడు. ఎడమ పక్క నల్లరాయి గోడ, దాని కింద సముద్రం... వెనక నవ్వులు దూరమైపోయాయి.

తొమ్మిదో అరుగు.

'మనుషులు లేవమంటే ఇక లేవను. దెయ్యం లేవమంటే అప్పుడు చూద్దాం' అనుకుని, కాళ్లు బారజాపి మరీ కూర్చున్నాడు.

రాయి చల్లగా ఉంది. కింద అల విరిగే చప్పుడు లేదు. గుళక్... గుళక్... కడవలోకి నీళ్లు దిగుతున్నట్టుంది. ఆ చప్పుడు తన పిరుదుల కిందే వినపడుతోంది.

ఎంతసేపయిందో తెలీదు.

"లేవండి..."

వెనకనుంచి. మెడ మీద తడిగాలి తగిలినట్టయింది.

పోలీసాయనైతే ఈపాటికి మసీదు దగ్గరుండేవాడు. కానీ మాస్టారికి భయం కంటే కడుపుమంట పెద్దది.

"లేవను!"

కాళ్లు ఇంకాస్త బారజాపాడు.

"లేవండి మాస్టారూ..."

"నువ్వు కూడానా! షాన్ఫీ పెద్దాయనా, చచ్చి ఇన్నేళ్లయినా అరుగు మీద ఆశ చావలేదా నీకు? బళ్లో కుర్చీ ఒక్కటే నాది. ఇంకెక్కడ కూర్చున్నా లే, లే, లే! లేవను. పీక పిసుకుతావా? పిసుకు!"

ఆ గొంతు, మొహమాటపడుతున్నట్టు...

"నేను షాన్ఫీ పెద్దాయన్ని కాదండీ."

మాస్టారు తిరిగి చూశాడు.

ముప్పై ఏళ్ల మనిషి. నడుముకి కట్టుకున్న గుడ్డ నుంచి నీళ్లు కారుతున్నాయి. మోచేతుల దాకా తెల్లగా సున్నం. పెద్దల ముందు పిల్లలు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, అరుక్కి దూరంగా నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు?"

"కొంబో అంటారండి. తాపీ పని."

"ఏ ఊరు?"

"ఇదే ఊరండి."

"ఈ ఊళ్లో నేనెరగని తాపీవాడెవడు? నేను మాస్టారినని నీకెవరు చెప్పారు?"

"గట్టు మీద నడిచేవాళ్ల మాటలన్నీ వినపడతాయండి. ముందు మీరు లేవండి. దాని కింద రాయి లేదు. ఈ చివర పునాది ఇసక మీదే ఆపేశారు. ఇంకో మూడు మూరలు తవ్వితే రాయి తగులుతుందండీ అని నేను చెప్పాను. 'పిల్లవెధవ్వి, తాపీ పట్టుకో, నోరు కాదు' అన్నారు షాన్ఫీ పెద్దాయన."

మాస్టారు చటుక్కున లేచాడు. భయంతో కాదు, సంబరంతో. ఇన్నాళ్లకి తన మాటకి సాక్ష్యం దొరికింది!

"నువ్వు కట్టావా? నీ చేత్తో? అయితే రేపు నాతో రచ్చబండకి రావయ్యా! ఇద్దరం కలిసి చెబుదాం."

"నేనూ ఊరి పిల్లాణ్ణేనండి," అన్నాడు కొంబో. "పెద్ద పెళ్లి కాలేదు. చిన్నదీ కాలేదు."

అప్పుడు తట్టింది మాస్టారికి. ఈ గట్టు కట్టిన ఏడు తనకి ఆరేళ్లు. అంటే నలభై ఎనిమిదేళ్లయింది. ఎదురుగా ఉన్నవాడికి ముప్పై... లెక్కల మాస్టారు కదా, తీసివేత చేశాడు. తప్పనుకుని మళ్లీ చేశాడు.

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వు... ఎలా..."

"ఆఖరి వరస పెడుతుంటే కింద ఇసక జారిందండి. రాయితో పాటే లోపలికి పోయాను. ఈలోగా పోటొచ్చింది. పైన ఇంకో రాయి పెట్టి పని కానిచ్చేశారు."

గాలి లేదు. గుళక్... గుళక్...

"అప్పట్నుంచి చెబుతూనే ఉన్నానండి. కూర్చున్న ప్రతివాడికీ చెబుతాను, లేవండీ అని. 'లే' అన్న ముక్క వినపడగానే లేస్తారు. పారిపోతారు. ఎందుకు లేవమన్నావురా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు."

చంద్రుడు మబ్బు దాటాడు. అక్కడెవరూ లేరు. నిలబడ్డ చోట మాత్రం రాయి తడిసి ఉంది, తడిలో సున్నపు పాదాల అచ్చు.

ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి మొయినేషాకి చెబుతుంటే పళ్లు టకటక కొట్టుకున్నాయట. దుప్పటి కప్పి, వేడి పాలిచ్చి, "ఇన్నేళ్లుగా షాన్ఫీ, షాన్ఫీ అని వణికి చచ్చామే! పాపం, వాడు మన మంచికి చెబుతున్నాడా?" అని ఆమె ఏడ్చింది. ఏడ్చి, "అయినా ఎలా ఆపుతావు?" అంది.

మర్నాడు సాయంత్రం మాస్టారు చాపల కట్ట భుజానేసుకుని రచ్చబండకి వచ్చాడు. పెద్దమనుషులంతా బారు తీరి కూర్చున్నారు. గట్టు చివర గుంజలు పాతుతున్న చప్పుడు అక్కడికి వినపడుతోంది. ఆడవాళ్లు అప్పుడే ఆకుపచ్చ బట్టల్లో, మొహాన గంధం పూసుకుని, గట్టు వైపు కదిలారు. వాళ్లలో మొయినేషా.

చాపల కట్ట నడిమధ్యన ధబ్బున పడేశాడు.

"ఒక మాట!"

"ఎవడ్రా అది?" అన్నాడు అబూదు పెద్దాయన. చుట్టూ గోలయింది. "ఇబురోయా? మతి పోయిందా?"

"నా మాట కాదు. కబురు తెచ్చాను."

ఊరి పిల్లాడు తన మాట చెప్పకూడదు గానీ, కబురు మోసుకురావచ్చు. అదీ మా ఆచారమే. గోల తగ్గింది.

"ఎవరి కబురు?"

"తాపీ కొంబో కబురు. గట్టు చివర పునాది..."

"కొంబో ఎవరు? ఆయన పెద్ద పెళ్లి ఎప్పుడైంది?"

"కాలేదు."

ఒక్కసారి అందరూ ఘొల్లుమన్నారు. "పిల్లాడి కబురు పిల్లాడు తెచ్చాడు! చాపలెత్తరా, టైమవుతోంది."

"వినండయ్యా! పునాది ఇసక మీద..."

"ఎత్తమన్నానా!"

నాసుఫు నవ్వుతూ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "పోనీండి మాస్టారూ, పదండి." చిన్నపిల్లాణ్ణి సముదాయించినట్టు. దూరంగా ఆకుపచ్చ బారు ఐదో అరుగు దాటింది. గుంజల చప్పుడు... ఠక్, ఠక్...

మాస్టారు ఆ చెయ్యి విదిలించేశాడు.

"షాన్ఫీ పెద్దాయన కబురు!"

పెద్దమనుషుల బారంతా ఇటు తిరిగింది.

"రాత్రి తొమ్మిదో అరుగు మీద కూర్చున్నాను. నాసుఫు చూశాడు, అడగండి. ఆయన వచ్చాడు. 'నా చోట గెంతులేస్తే ఒక్కణ్ణీ మిగల్చను' అన్నాడు."

నాసుఫు మొహం పాలిపోయింది. "అటు పోయాడు... నిజమే," అన్నాడు పీలగా.

అబూదు పెద్దాయన చేతిలో జపమాల జారిపోయింది.

పావుగంటలో గుంజలు పీకేశారు. జరీ కండువా నడుముకి బిగించి నాసుఫు కూడా ఒక గుంజ మోశాడు. నాట్యం ఇరుకు రచ్చబండలోనే, ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుంటూ సాగింది. డప్పులు మంచి ఊపు మీదుండగా నేల అదిరింది. డప్పు ఆగింది. సముద్రం వైపు నుంచి... కొండ గొంతులో పెద్ద ముద్ద దిగినట్టు... ఒక చప్పుడు.

అందరూ పరిగెత్తారు. తొమ్మిదో అరుగు లేదు. దానితో పాటు ముప్పై బారల గట్టు లేదు. నురుగు ఒక్కటే కనిపించింది.

మొయినేషా జనంలో ఆయన్ని వెతుక్కుని చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాస్టారు నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

శుక్రవారం ఊరంతా కలిసి షాన్ఫీ పెద్దాయన పేర ఖురాను చదివించారు. ఆయన మనవడికి శాలువా కప్పారు. "ఎంత గొప్పవాడు! చచ్చాక కూడా ఊరిని కాచాడు" అని ఒకటే పొగడ్తలు. మాస్టారు చాపలు పరుస్తూ వింటున్నాడు. పళ్లు నూరుకుంటూ వింటున్నాడు.

"చెప్పెయ్యి, పాపం," అంది మొయినేషా ఆ సాయంత్రం. "వాడి పేర ఒక్క ప్రార్థన కూడా జరగలేదు."

"చెబుతాను. ఇవాళే చెబుతాను."

గట్టెక్కాడు. ఎనిమిది అరుగుల పెద్దమనుషులూ ఎనిమిదో దాని చుట్టూ చేరి ఉన్నారు. ఈయన్ని చూసి అబూదు పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఇబురోయీ, ఇలా రా. షాన్ఫీ పెద్దాయన ఎంచుకున్న మనిషిని మేం నిలబెట్టకూడదు. పెద్ద పెళ్లి లేకపోయినా సరే, ఇక నుంచి నీ చోటు ఇది. కూర్చో. చెప్పు, ఊరు వింటుంది."

నాసుఫు జరిగి చోటిచ్చాడు.

మాస్టారు కూర్చున్నాడు. ఎండకి కాగిన రాయి ఇంకా వెచ్చగా ఉంది. ఎదురుగా షాన్ఫీ మనవడు, కొత్త శాలువాతో. ఒక్కరూ దగ్గడం లేదు. అందరి కళ్లూ తన మీదే. ముప్పై ఏళ్లలో మొదటిసారి...

కుడి పక్క నాసుఫు. ఎడమ పక్క ఎవరూ లేరు.

ఆ ఎడమ పక్క చొక్కా చెయ్యి చల్లబడింది. తడిసింది. చెవి దగ్గర, మెల్లగా...

"ఇప్పుడు మీ మాట వింటారు కదండీ..."

నిజం చెబితే షాన్ఫీ తనని ఎంచుకోలేదని తేలిపోతుంది. అరుగు దిగాలి. మళ్లీ చాపలు. మాస్టారు నోరు తెరిచాడు. కొంబో అనే అనబోయాడట. దేవుడి మీద ఒట్టేసి చెప్పాడట మొయినేషాకి.

"అంతా... షాన్ఫీ పెద్దాయన దయ," అంది ఆ నోరు.

అరుగుల మీద తలలన్నీ ఊగాయి.

ఎడమ పక్కనున్న చల్లదనం లేచింది. కోపం లేదు, చప్పుడు లేదు. రాళ్ల మీద ఒక్కొక్క తడి పాదం తెల్లగా పడుతూ, గట్టు తెగిన చోటికి పోయి ఆగిపోయింది.

"అరె, మాస్టారూ! మీ పక్కన ఇంత తడేంటి?" అంటూ నాసుఫు అంగీ ఎత్తి పట్టుకుని దూరం జరిగాడు.